పిన్ని జీతం

మా కుటుంబం కలిగినవాళ్ళ లెక్కలోకి వస్తుందని మాకు మొదటిసారి చెప్పింది ఒక పశువైద్య కళాశాల.

స్కూలు చదువు ముగిసి, పై చదువు ఇంకా మొదలుకాని వేసవి అది. ముందు సీటు వచ్చిందన్న కబురు వచ్చింది. ఆ రోజు నాన్న కొట్టు మూసేసి పట్టపగలే ఇంటికొచ్చాడు. సంతోషం వస్తే ఏం చెయ్యాలో ఆయనకు ఎప్పుడూ తెలిసేది కాదు. బాగానే తిరుగుతున్న ఫ్యానును కిందికి దించి, విప్పి, నూనె వేసి, మళ్ళీ బిగించాడు. కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టి బాగుచెయ్యడం ఆయన వృత్తి. చేతులకు పని చెబితే తప్ప ఆయనకు మనసు కుదుటపడదు.

కొన్నాళ్ళకు ఫీజు సాయం సంగతి తెలుపుతూ కళాశాల నుంచి కాగితం వచ్చింది. ఆ కాగితాన్ని నాన్న కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగులో పట్టుకుని చదివి, నవ్వాడు.

"ఏమేవ్, విన్నావా? మన ఆదాయం పరిమితికి మించిపోయిందట. ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా ఎక్కడ దాచావు?"

అమ్మ కుట్టుమిషను ఆపలేదు. బడులు తెరిచేలోపు యూనిఫారాలు అందించాలని కాంట్రాక్టరు రోజూ మనిషిని పంపుతున్నాడు. గదంతా నీలం గుడ్డ ముక్కలు.

"సరిగ్గా చదువు. ఇంకెవరిదో మనకు వచ్చుంటుంది."

"పేర్లు మనవే. ఫీజులో నాలుగో వంతు తగ్గిస్తారట. మిగతాది మనం కట్టుకోగలమట. మన మీద వాళ్ళకున్న నమ్మకం మనకే లేదు."

అప్పుడే పిన్ని డ్యూటీ నుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూనే కాగితం అందుకుని, ఒక్కసారి కింది నుంచి పైకి చూసింది. ఆసుపత్రిలో రక్తపరీక్షల రిపోర్టులు చూసి చూసి ఆమెకు ఏ కాగితంలోనైనా అసలు అంకె ఎక్కడుంటుందో ఇట్టే తెలిసిపోయేది.

"ఇది నా జీతం బావా," అంది.

మిషను ఆగింది.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. నాన్న కొట్టులో మంట పుట్టి సామానంతా కాలిపోయిన ఏడాది మమ్మల్ని నిలబెట్టడానికని వచ్చింది. మేము నిలబడ్డాక ఆమె వెళ్ళాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాన్న సంపాదన ఎండలు ముదిరితే పెరిగేది, చల్లబడితే తగ్గేది. అమ్మకు బడులు తెరిచే ముందు తప్ప చేతినిండా పని ఉండదు. ఏడాది పొడుగునా ఒక్కలా వచ్చేది పిన్ని జీతమొక్కటే. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదు" అని నవ్వేది. ఆ నవ్వు చూసి అందరం నవ్వేవాళ్ళం.

"అయితే ఏముంది," అంది అమ్మ, దారం తెంపుతూ. "పిన్ని ఉంది కదా. చూసుకుంటుంది."

ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వింటున్నాను. జ్వరమొస్తే పిన్ని ఉంది కదా. అద్దె పెంచితే పిన్ని ఉంది కదా. ఆ రోజు మాత్రం, ఎందుకో, పిన్ని మొహం వైపు చూశాను. ఆమె కాగితాన్ని మడతల మీదే జాగ్రత్తగా మడిచి నాన్న చేతికిచ్చి, స్నానానికి వెళ్ళిపోయింది.

*

మా ముందున్న దారులు ఎక్కువేం లేవు. ఊళ్ళోనే ఉన్న కాలేజీలో దాదాపు ఉచితంగా డిగ్రీ చదువుకోవచ్చు. ఒకరోజు వెళ్ళి చూసొచ్చాను. మంచి కాలేజీయే. వరండాలో పిల్లలు నవ్వుకుంటూ తిరుగుతున్నారు. కానీ నేను సెలవులన్నీ మా వీధి చివర పశువుల ఆసుపత్రిలో గడిపినదాన్ని. భయపడ్డ పిల్లిని తువ్వాలులో ఎలా చుట్టాలో, కరిచే కుక్క మూతికి గుడ్డ ఎలా కట్టాలో నాకు తెలుసు. ఈనలేక అవస్థ పడుతున్న మేక కడుపులోకి డాక్టరుగారు చెయ్యిపెట్టి పిల్లను సర్ది బయటికి తీస్తుంటే, దాని తల పట్టుకుని కూర్చున్నది నేనే. అది చూశాక ఇంకో పని చెయ్యాలని నాకు అనిపించలేదు.

బ్యాంకుకి వెళ్ళాం. అప్పిస్తామన్నారు. కాకపోతే నెలజీతం ఉన్న మనిషి పూచీ పడాలన్నారు. అంటే పిన్ని. కొట్టు తాకట్టు పెడదామని నాన్న వడ్డీవ్యాపారి దగ్గరికి వెళితే, కొట్టు అద్దెదైనప్పుడు తాకట్టేమిటని ఆయన నవ్వి, "మీ మరదలు ఉద్యోగం చేస్తోందిగా" అన్నాడట. ఆసుపత్రిలో పిన్ని దాచుకున్న భవిష్యనిధి తీసేద్దామని అమ్మ అంది. ఎటు తిరిగి ఎటు వెళ్ళినా పిన్ని దగ్గరే తేలేవాళ్ళం.

నిధి మాట వచ్చినప్పుడు పిన్ని పళ్ళెంలో చెయ్యి కడుక్కుంటోంది.

"తీస్తాలే అక్కా," అంది. "అది అయిపోయాక?"

"అప్పుడు చూద్దాం."

"ఐదేళ్ళ చదువది. ఆ డబ్బు రెండేళ్ళకి సరిపోతుంది. మిగతా మూడేళ్ళూ ఏం చూద్దాం?"

ఆమె గొంతు పెంచలేదు. అమ్మ మాత్రం దెబ్బ తిన్నట్టు చూసింది. "నువ్వే ఇలా అంటే ఇంక దానికెవరున్నారు?" అంది నావైపు చెయ్యి చూపిస్తూ.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "నేను ఇక్కడే చదువుతానమ్మా," అన్నాను. అందరూ ఒక్కసారే "నువ్వూరుకో" అన్నారు. మా ఇంట్లో అందరూ ఒక మాట మీద నిలబడ్డ సందర్భం ఆ వేసవిలో అదొక్కటే.

చివరికి అప్పీలు చేసుకోవచ్చని ఆ కాగితం వెనకాల చిన్న అక్షరాల్లో రాసుందని పిన్నే చూసి చెప్పింది. స్వయంగా వెళ్ళి మాట్లాడొచ్చట. అమ్మకు యూనిఫారాల ఒత్తిడి, నాన్నకు ఎండల్లో కొట్టు వదిలే వీల్లేదు. పిన్ని సెలవు పెట్టింది.

*

కళాశాల ఆఫీసులో వరసలో మాకంటే ముందున్నవాళ్ళంతా లోపల ఏం చెప్పాలో గొణుక్కుంటూ కూర్చున్నారు. నేనూ అంతే. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న ఒక పెద్దావిడ మా ఫైలు తెరిచింది. అలసిపోయి ఉంది కానీ, విసుగు లేదు.

"చెప్పమ్మా."

"మేడం, మీరు లెక్కేసింది మా పిన్ని జీతం. అది మాది కాదు."

"మీ ఇంటి అద్దె ఎవరు కడతారు?"

"పిన్ని."

"నీ స్కూలు ఫీజు?"

"పిన్నే."

"కళ్ళజోడు?"

నా చెయ్యి దానంతటదే కళ్ళజోడు మీదికి పోయింది. పక్కన పిన్ని కదల్లేదు.

"పిన్ని, మేడం."

"మరి ఆ డబ్బు మీది కాకుండా ఎలా పోయింది చెప్పు?" ఆవిడ వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అడిగింది. "నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. ఒకే కప్పు కింద ఉండి, కలిసి తినేవాళ్ళందరి సంపాదనా కలిపి చూడమని నిబంధన. నా చేతిలో ఉంటే అందరికీ ఇచ్చేదాన్ని. నా చేతిలో ఉన్నది ఆ నిబంధనే."

నేను బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. మేక గురించి చెప్పాలనుకున్నాను. అప్పుడు పిన్ని ముందుకు వంగింది.

"నేను వేరే ఉంటే?"

"వేరే ఉంటే మీ జీతంతో మాకు పనిలేదు. వాళ్ళ ముగ్గురి లెక్కే చూస్తాం. అప్పుడు ఫీజు, హాస్టలు దాదాపు అంతా వచ్చేస్తుంది." ఆవిడ కళ్ళజోడు కిందికి దించి పిన్నిని పరీక్షగా చూసింది. "కానీ నిజంగా వేరే ఉండాలి. మా మనిషి ఇంటికొచ్చి చూస్తాడు. ఇంకో మాట. వేరే ఉండి నెలనెలా డబ్బు పంపిస్తే అదీ ఆదాయమే. ప్రతి ఏడాదీ చూస్తాం."

"అంటే నేను వాళ్ళకి ఏమీ ఇవ్వకూడదు."

"ఇవ్వకూడదని నేననను. ఇస్తే లెక్కలోకి వస్తుందంటున్నాను."

పిన్ని అడిగిన తర్వాతి మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అది బాధపడుతున్న మనిషి గొంతు కాదు.

"ఎప్పట్లోగా మారాలి?"

*

తిరుగు బస్సు ఆలస్యమైంది. బస్టాండులో బల్ల మీద కూర్చుని టీ తాగాం. ఎండ దిగుతోంది కానీ సిమెంటు ఇంకా సెగలు కక్కుతోంది.

"మా ఆసుపత్రి వెనక వీధిలో పుస్తకాల బైండింగు చేసే కొట్టు ఉంది," అంది పిన్ని. "దాని మీద గది ఖాళీగా ఉంది. విడిగా మెట్లు. వీధివైపు పెద్ద కిటికీ. నీళ్ళకి ఇబ్బంది లేదు."

"నీకెలా తెలుసు?"

"చూశాను."

"ఎప్పుడు?"

ఆమె గ్లాసులోకి చూసింది. "నేను అప్పుడప్పుడూ గదులు చూస్తుంటాను చిట్టీ. డ్యూటీ అయ్యాక. అద్దెకిస్తామని బోర్డు కనబడితే లోపలికెళ్ళి అడుగుతాను. తలుపులు తెరిచి చూపిస్తారు. బాగుందంటాను. మళ్ళీ వస్తానంటాను. ఇంటికొచ్చేస్తాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు స్కూల్లో చేరినప్పటి నుంచి అనుకుంటా."

మేమిద్దరం ఒకే గదిలో పడుకునేవాళ్ళం. ఆమె ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో, ఏ మాటకు నవ్వుతుందో, ఏ కాలికి చెప్పు కరుస్తుందో నాకు తెలుసు. ఆ ఊళ్ళో ఉన్న ఖాళీ గదులన్నీ ఆమెకు తెలుసని మాత్రం తెలియదు.

"మరి ఎందుకు వెళ్ళలేదు?"

"ఏమని చెప్పి వెళ్ళను? మీ అమ్మ నన్నెప్పుడైనా ఒక మాటందా? మీ నాన్న నన్ను పరాయిదానిలా చూశాడా? వెళ్ళడానికి ఏదో ఒక వంక ఉండాలి కదా." ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు నీ చదువుంది."

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు నాకిచ్చింది. దారంతా ఆమె తల వాల్చి నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు. ఆమె మనసులో మాట అమ్మకు చెబితే, అమ్మ ఏడుస్తుంది, పిన్ని ఆగిపోతుంది, నా చదువూ ఆగిపోతుంది. చెప్పకపోతే, అందరి మేలు కోసం చేస్తున్నట్టు కనబడే పనిలో అమ్మకు అసలు సంగతి తెలియదు. రెండు వైపులా తలుపులు మూసుకుపోయాయి. పైగా, పిన్ని వెళ్ళిపోవాలని నాకే ఉంది. పిన్ని వెళ్ళకూడదని కూడా నాకే ఉంది.

*

ఇంటికొచ్చి పిన్ని జరిగింది జరిగినట్టు చెప్పింది, బస్టాండు మాటలు తప్ప. అమ్మ కాసేపు ఆలోచించి, చిక్కుముడి చేత్తో విప్పినంత తేలిగ్గా అంది:

"అంతేనా? రెండు నెలలు ఎక్కడైనా ఉండు. వాళ్ళొచ్చి చూసి పోతారు. తర్వాత నీ మంచం నీకుంటుంది."

"ప్రతి ఏడాదీ చూస్తారట," అన్నాడు నాన్న.

"ప్రతి ఏడాదీ రెండు నెలలు ఉంటుంది. దానికేం పోయింది?"

నాన్న పిన్నిని చూశాడు. ఆమె నాన్నను చూసింది. నేను నీలం గుడ్డ ముక్కలు ఏరుతూ కూర్చున్నాను.

సామాను చేరవెయ్యడానికి నాన్న తెలిసినవాళ్ళ చిన్న వ్యాను తెచ్చాడు. సామానంటే ఏముంది, ఒక ఇనుప మంచం, ఒక పెట్టె, ఒక బకెట్టు. ఇన్నేళ్ళ మనిషి సామాను వ్యానులో ఒక మూలకు సరిపోయింది. బైండింగు కొట్టు మీద గది నిజంగానే బాగుంది. కింద నుంచి జిగురు వాసన, కాగితం కోసే మిషను చప్పుడు. కిటికీ తెరిస్తే వీధి మొత్తం కనబడుతోంది. పిన్ని వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి మా ఉనికే మరచిపోయింది.

నాన్న కుర్చీ వేసుకుని ఎక్కి ఫ్యాను విప్పి చూశాడు. నోట్లో స్క్రూలు పెట్టుకుని మాట్లాడటం ఆయనకు అలవాటు.

"వైండింగు బాగుంది. ఇంకో పదేళ్ళు ఢోకా లేదు." కిందికి దిగి చేతులు తుడుచుకున్నాడు. "ఉంటావా అమ్మాయ్, అన్నాళ్ళు?"

పిన్ని కిటికీ నుంచి తిరగలేదు. "చూద్దాం బావా."

"నాకు కోపం లేదు. ఆ కొట్టు మళ్ళీ తెరిచింది నువ్వు. నేను మర్చిపోలేదు." ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. "మీ అక్కకి మాత్రం నేను చెప్పను. నా వల్ల కాదు. నువ్వే చెప్పుకో."

*

పిన్ని చెప్పలేదు. అమ్మే చూసింది.

వారం తిరక్కుండానే దిండు మర్చిపోయిందంటూ అమ్మ బయల్దేరింది. కుట్టిన యూనిఫారాలు కాంట్రాక్టరుకి ఇచ్చే పని కూడా ఉంది కాబట్టి మూట పట్టుకుని నేను వెంట వెళ్ళాను. మెట్లెక్కి తలుపు తోసుకుని అమ్మ లోపలికి వెళ్ళింది. గదిలో గోడకి కొత్త సున్నం. కిటికీకి పసుపు రంగు తెర. మూలన రాతి పలక మీద రెండు పొయ్యిల గ్యాసు స్టవ్, ఇంకా మీద అంటించిన కాగితం కూడా తియ్యలేదు. దాని మీద పిన్ని ఏదో వేయిస్తోంది. మమ్మల్ని చూసి మంట తగ్గించింది.

అమ్మ తెరను చూసింది, గోడను చూసింది. చివరికి స్టవ్ దగ్గర ఆగిపోయింది.

"రెండు నెలలకి ఎవరైనా కొత్త స్టవ్ కొంటారా?"

పిన్ని గరిట పక్కన పెట్టింది. "కొనరు అక్కా."

అమ్మ దిండును గుండెలకు హత్తుకుని నిలబడింది. నేను గుమ్మం బయటే ఉండిపోయాను. మూట బరువుగా ఉంది కానీ దించడానికి మనసొప్పలేదు, దించితే చప్పుడవుతుందని.

"నేను నిన్ను కట్టేసి ఉంచానా?"

"లేదు."

"నీ డబ్బు కోసం ఉంచుకున్నాననుకుంటున్నావా?"

"అనుకోలేదు."

"మరి ఎందుకే? నా కడుపున పుట్టినదానికీ నీకూ ఎప్పుడైనా తేడా చూశానా?"

"చూడలేదక్కా. నువ్వు కట్టెయ్యలేదు, ఎవరూ కట్టెయ్యలేదు. కట్టేసుంటే ఎప్పుడో విప్పుకుని పోయేదాన్ని. ముడి ఎక్కడుందో నాకే కనబళ్ళేదు." పిన్ని స్టవ్ కట్టేసింది. "నాకు నలభై వస్తోంది. నా గదిలో నేను తలుపేసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అంతే. ఇంకేం లేదు."

"అంతే అయితే నాతో చెప్పొచ్చుగా."

"చెబితే ఏడుస్తావు. ఏడిస్తే ఉండిపోతాను."

అమ్మ ఏడవలేదు. దిండును మంచం మీద పెట్టి, దాని మూలలు సర్దింది. తర్వాత వెనక్కి తిరిగి, మామూలు గొంతుతో, కొట్టువాడితో బేరమాడినట్టు అంది:

"సరే. ఆ ఆఫీసు వాడొస్తాడుగా. మా చెల్లెలు మాతోనే ఉంటుందని చెబుతాను. అప్పుడు ఎక్కడికి పోతావో చూస్తాను."

పిన్ని నావైపు చూసింది. అమ్మ కూడా నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసి, నా పక్క నుంచి మెట్లు దిగిపోయింది.

మూట కాంట్రాక్టరుకి అప్పగించి ఇంటికొచ్చాం. ఆ తర్వాత తలుపు చప్పుడైతే చాలు, ఆఫీసు మనిషేనని గుమ్మం దగ్గరికి పరిగెత్తేదాన్ని. కాంట్రాక్టరు మనిషి, పాలవాడు, పక్కింటివాళ్ళు, అందరూ ఆఫీసు మనుషుల్లాగే తలుపు కొట్టేవాళ్ళు. ఊళ్ళో కాలేజీలో చేరడానికి గడువు ముగిసింది. ఇక ఆ దారీ లేదు. పిన్ని మంచం ఉన్నచోట నేల మీద నాలుగు కాళ్ళ మచ్చలు మిగిలాయి. వాటి పక్కన పడుకుని, అమ్మ ఏం చెబుతుందా అని ఊహించుకునేదాన్ని. ఒక్కోసారి ఆమె మీద కోపం వచ్చేది. ఒక్కోసారి, అలాగే చెప్పెయ్యి, పిన్ని వచ్చేస్తుంది, అనిపించేది.

*

ఆఫీసు మనిషి వచ్చినప్పుడు నాన్న కొట్టులో ఉన్నాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయిన నడివయసు మనిషి. మంచినీళ్ళు అడిగి తాగాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. గదులు రెండూ చూశాడు. నేల మీద మంచం కాళ్ళ మచ్చల దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

అమ్మ మిషను దగ్గర్నుంచి లేవలేదు. చొక్కాకి చెయ్యి జతచేస్తోంది.

"ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?"

"ముగ్గురం."

"మీ చెల్లెలు?"

మిషను ఆగింది. గుమ్మం పట్టుకుని నేను నిలబడ్డాను. అమ్మ సూది కింద నుంచి గుడ్డ లాగి, కుట్టు వేలితో తడిమి చూసింది. ఏం చెప్పాలో ఆమె ముందే అనుకుని ఉందని నేననుకోను. ఇప్పటికీ అనుకోను.

"ఇదివరకు ఉండేది," అంది. "వెళ్ళిపోయింది."

"ఎక్కడికి?"

"ఆసుపత్రి వెనకాల గది తీసుకుంది."

"మళ్ళీ వచ్చేస్తారా? మీరు ఏమనుకోవద్దు. ఈ ఒక్క నెలా వేరే ఉండి తర్వాత కలిసిపోయేవాళ్ళు ఉంటారు. అందుకే అడుగుతున్నాను."

"రాదు."

"అంత గట్టిగా చెబుతున్నారు. గొడవ పడ్డారా?"

"లేదు బాబూ." అమ్మ దారం కొరికి తెంపింది. "అక్కడ పొయ్యి పెట్టుకుంది. సున్నం వేయించుకుంది. దానికి అక్కడ బాగుంది. ఇంక ఎందుకొస్తుంది?"

అతను ఇంకేం అడగలేదు. రాసుకుని, సంతకం పెట్టించుకుని, ఇంకో గ్లాసు నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. అమ్మ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి, చేతిలో ఉన్న చొక్కాకి ఎడమ చెయ్యి కుడివైపు కుట్టిందని చూసుకుని, పిన్నుతో ఒక్కొక్క కుట్టే విప్పుతూ కూర్చుంది. సాయం చేస్తానని నేను దగ్గరికి వెళ్ళాను.

"వద్దులే," అంది. "నేనే విప్పుకుంటాను."

*

సాయం వచ్చింది. ఆవిడ చెప్పినట్టే, దాదాపు అంతా. మిగిలిన కాస్తా నాన్న సర్దగలిగాడు.

అయితే వచ్చింది నాకు, ఇంటికి కాదు. పిన్ని జీతం లేని ఇంటికి ఆ అద్దె మోయలేని బరువైంది. వర్షాలు పడేలోపే చిన్న ఇంటికి మారాలని నాన్న నిర్ణయించాడు. ఇంకోటి కూడా జరిగింది. కాగితం మిల్లువాళ్ళు ఏడాది పొడుగునా తమ మోటార్ల పనంతా ఇస్తామని కబురుచేశారు. నాన్న ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పని అది. ఆయన కాసేపు లెక్కలు వేసుకుని, సగం పనికి మాత్రం ఒప్పుకుని వచ్చాడు. మొత్తం తీసుకుంటే మళ్ళీ మేము కలిగినవాళ్ళమైపోతాం. ఆ ఐదేళ్ళూ మా ఇంట్లో పని ఎక్కువొస్తే భయం, తక్కువొస్తే భయం. అమ్మ మంచి రోజుల్లో కూడా కొన్ని బట్టలు వెనక్కి పంపేసేది. ఈ సంగతి నాకు హాస్టలుకి రాసిన ఉత్తరాల్లో ఎవరూ చెప్పలేదు. సెలవులకు వచ్చినప్పుడు చూసి తెలుసుకున్నాను.

నేను బయల్దేరిన రోజు పిన్ని దగ్గర చెప్పి వెళదామని బస్టాండుకి వెళ్ళే వ్యాను బైండింగు కొట్టు ముందు ఆపించాను. స్టవ్ చూసిన రోజు తర్వాత అమ్మ ఆ వీధిలోకే రాలేదు. వ్యానులోనే కూర్చుంటుందనుకున్నాను. నేను సగం మెట్లెక్కేసరికి వెనక ఆమె అడుగుల చప్పుడు వినబడింది.

తలుపు తెరిచే ఉంది. పిన్ని లోపల తల దువ్వుకుంటోంది. నేను లోపలికి వెళ్ళాను. అమ్మ గుమ్మం బయట ఆగిపోయింది. మా ఇంట్లో ఏ తలుపూ ఏనాడూ తట్టి ఎరగని మనిషి, తెరిచున్న తలుపు మీద రెండు వేళ్ళతో కొట్టింది.

"రావచ్చా?" అంది.

పిన్ని దువ్వెన చేత్తోనే లేచి నిలబడింది. వాళ్ళిద్దరి మధ్యా ఆ మాట పుట్టి ఉండదు అంతకుముందు.

"రా అక్కా."

ఉన్న ఒక్క కుర్చీ లాగి వేసింది. అమ్మ కూర్చుంది. గది చుట్టూ చూసింది, ఈసారి నెమ్మదిగా, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు చూసినట్టు.

"అద్దె ఎంత?"

పిన్ని చెప్పింది.

"ఎక్కువే," అంది అమ్మ.

"ఎక్కువే అక్కా," అంది పిన్ని. ఎక్కువ అద్దె కడుతున్నానని అంత సంతోషంగా ఒప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అమ్మ ఆమె మొహం వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నాతో, "నువ్వు పద, బస్సు తప్పిపోతుంది. నాన్న వస్తాడు నీతో. నేను కాసేపు ఉండి నడిచొస్తాను," అంది.

పిన్ని నన్ను దగ్గరికి తీసుకుంది. కొత్త జాగాలో నీళ్ళు మరగబెట్టుకుని తాగమంది. నేను ఒక్కదాన్నే మెట్లు దిగాను. కింద నాన్న వ్యాను పక్కన నిలబడి, తాళ్ళు బిగించి ఉన్నా మళ్ళీ బిగిస్తున్నాడు.

"మీ అమ్మేది?"

"పైన కూర్చుంది."

"కూర్చుందా," అన్నాడు నాన్న. తలెత్తి పసుపు తెర వైపు చూశాడు. "సరే, ఎక్కు."